నొక్కి పట్టుకోమని చెప్పమ్మా

కోపమొచ్చిన ఇల్లాలు కూర మాడ్చాలి, గిన్నెలు ఎత్తి పడెయ్యాలి, అదీ కుదరకపోతే తలుపన్నా ధడాలున వెయ్యాలి. లోకంలో ఒక పద్ధతంటూ ఏడిసింది. తూనికల ఇన్‌స్పెక్టరు భార్యకి ఆ పద్ధతులేవీ పట్టవు. ఆవిడకి కోపమొచ్చిన దగ్గరనుంచీ ఇంట్లో వంట ఇదివరకటికంటే రుచిగా ఉంటోంది. చొక్కా మడతలు కత్తుల్లా నిలుస్తున్నాయి. కాఫీ అడక్కుండానే, పొగలు కక్కుతూ, పంచదార సరిగ్గా పడి, బల్ల మీదికి వచ్చేస్తోంది. రానిదల్లా మాట ఒక్కటే. 'మా ఆవిడ నన్ను మరీ బాగా చూసుకుంటోందండీ, భరించలేకపోతున్నాను' అని ఆయన ఎవరి దగ్గర మొరపెట్టుకోగలడు? విన్నవాళ్ళు నవ్విపోరూ?

మాట అసలు లేదనడం కూడా అన్యాయమే. ఉంది, కానీ ఆయన తల్లి మీదుగా వస్తుంది.

"అత్తయ్యా, కాఫీ చల్లారిపోతోందని చెప్పండి."

"విన్నావుగా?" అంటుంది పెద్దావిడ కొడుకుతో.

"తాగుతున్నానని చెప్పమ్మా."

"తాగుతున్నాడుట."

ముగ్గురూ ఒకే బల్ల చుట్టూ కూర్చునే ఉంటారు.

ఆయన దొంగల్ని పట్టే ఇన్‌స్పెక్టరు కాదు, దొంగ త్రాసుల్ని పట్టే ఇన్‌స్పెక్టరు. కొట్టుకొట్టుకీ తిరిగి కాటాలు సరిగ్గా తూగుతున్నాయో లేదో చూసి ముద్ర వేస్తాడు. ఆయన ముద్ర పడిందంటే కిలో కిలోయే, దానికిక తిరుగులేదు. ఏళ్ళ తరబడి ఆ పని చేసేసరికి, ఏ వస్తువైనా తన చెయ్యి పడితే నిజం కక్కేస్తుందనే నమ్మకం ఒకటి ఆయనలో గూడు కట్టుకుంది. కూరలో ఉప్పు తక్కువైందన్నా, గోడ గడియారం వెనకబడిందన్నా, "ఏదీ, నన్ను చూడనీ" అంటాడు. ఆయన చూశాక ఇంకొకరు చూడ్డానికి ఏమీ మిగలదు. ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. నాలుగోది కావలసినవాళ్ళు వెతుక్కోవాలి.

ఈ గొడవంతా ఆ 'నన్ను చూడనీ'తోనే మొదలైంది.

వాళ్ళ కారు పాతది. తండ్రి కొన్న బండి. పెద్దాయన పోయాక బండి మిగిలింది. పెద్దావిడ దాన్ని 'ముసలాడు' అంటుంది. ఆ పిలుపులో విసుగెంతో ప్రేమెంతో ఎవరూ తూచలేదు. భార్య ఈమధ్యనే, జుట్టు నెరవడం మొదలయ్యాక, పట్టుబట్టి ఆ బండి మీదే డ్రైవింగ్ నేర్చుకుంది. మొదట్లో మలుపు దగ్గర ఊపిరి బిగబట్టేది. తరవాత తరవాత, బండి దిగి తాళం వేలికి తిప్పుకుంటూ లోపలికి వచ్చేది. అలా తిప్పుతూ వచ్చినప్పుడు ఆవిడ నడకే వేరుగా ఉండేది. ఆయన అది గమనించాడు. బాగుందని మాత్రం ఎప్పుడూ అనలేదు.

ఆ సాయంత్రం ఆవిడ అత్తగారిని కంటి డాక్టరుకి చూపించి తీసుకొస్తోంది. పెద్దావిడ కళ్ళల్లో మందు పోశారు. నల్ల కళ్ళజోడు పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. వాళ్ళ వీధి ఇంటివైపు కాస్త వాలుగా దిగుతుంది. ఆ వాలులో బ్రేకు మీద వేసిన కాలు ఆగాల్సిన చోట ఆగకుండా నేలదాకా వెళ్ళిపోయింది. ఎదురింటి గేటు ముందు కుండీల పిన్నిగారు వంగుని మొక్కలకి నీళ్ళు పోసుకుంటోంది. ఆవిడ వరసకి ఎవరికీ పిన్ని కాదు. కుండీలు మాత్రం నిజంగానే ఉన్నాయి, వీధి పొడుగునా. భార్య ఒక్కసారి స్టీరింగ్ తిప్పేసింది. ముసలాడు పిన్నిగారిని వదిలేసి, కుండీల వరసనంతా పటపటా పగలగొట్టుకుంటూ పోయి, గోడకి ముక్కు ఆనించి ఆగాడు.

ఎవరికీ ఏమీ కాలేదు. కానీ వీధి వీధంతా బయటికొచ్చింది. ఇన్‌స్పెక్టరూ వచ్చాడు.

"బ్రేకు పట్టలేదండీ. నేలదాకా దిగిపోయింది," అంది భార్య.

"ఏదీ, నన్ను చూడనీ," అన్నాడాయన.

సీట్లో కూర్చుని, అందరూ చూస్తుండగా, బ్రేకుని టకటకా టకటకా నాలుగుసార్లు తొక్కాడు. పెడలు రాయిలా నిలబడింది. తల బయటికి పెట్టి, కొట్టువాడి ముందు తీర్పు చెప్పినట్టే చెప్పాడు.

"బ్రేకు బ్రహ్మాండంగా ఉంది. తొక్కితే ఆగుతుంది. తొక్కాలి మరి!"

వీధి నవ్వింది. అందరికీ కంగారు తీరింది కదా, నవ్వడానికి అదొక సాకు.

"అది కాదురా," అంది పెద్దావిడ తడుముకుంటూ బండి దిగి. "బ్రేకు దిగిపోతోందత్తయ్యా అని అరిచింది. నేను విన్నాను."

"అమ్మా, నీ కళ్ళల్లో మందు పోశారు. నీకేం కనపడిందని సాక్ష్యానికొచ్చావు?"

ఈసారి ఇంకా పెద్దగా నవ్వారు. భార్య నవ్వలేదు, ఏడవలేదు. తాళం తెచ్చి ఆయన చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున్నే వెళ్ళి పిన్నిగారి మొక్కలన్నీ మట్టితో సహా ఏరి, పాత బకెట్లలో నాటి వచ్చింది. తాళం వంటింటి పక్క మేకుకి వేలాడుతూ ఉండిపోయింది. ఆవిడ దాన్ని మళ్ళీ ముట్టుకోలేదు.

సరే, అంతవరకూ అయితే అది మామూలు మొగుడూ పెళ్ళాల తగువు. ఇన్‌స్పెక్టరు మనసులో ముల్లు దిగింది ఆ మర్నాడు.

ఆఫీసుకి బయల్దేరి, ఇంటికి దగ్గర్లోనే ఉన్న సిగ్నలు దగ్గర ఆగాడు. అక్కడా కాస్త వాలే. ముందు అద్దాలు మోసుకెళ్ళే వ్యాను ఒకటి ఆగి ఉంది. ఆయన బ్రేకు మీద కాలుంచి, ఏదో ఆలోచించుకుంటూ కూర్చున్నాడు. కాలికింద పెడలు వెన్నలోకి వేలు దిగినట్టు మెల్లగా, మర్యాదగా దిగడం మొదలుపెట్టింది. ఆయన ఇంకా నొక్కాడు. అది ఇంకా దిగింది. ముసలాడు కదిలాడు. వ్యాను వెనక కట్టిన అద్దంలో ఆయనకి తన మొహమే పెద్దదవుతూ కనిపించింది. హ్యాండ్‌బ్రేకు లాగాడు కాబట్టి సరిపోయింది.

బండి నిలిచాక ఆయనకి మొదట గుర్తొచ్చింది ప్రాణం కాదు, కాటా.

ఉద్యోగంలో చేరినప్పుడు ఆయనకి నేర్పిన మొదటి పాఠం ఒక్కటే: బరువు పెట్టి ఆగు. ముల్లు నిలిచేదాకా ఆగు. దొంగ కొట్టువాడు సరుకుని పళ్ళెంలో ధబీమని పడేస్తాడు, ముల్లు ఎగురుతుంది, అది కిందికి దిగేలోపు సరుకు తీసి పొట్లం కట్టేస్తాడు. ఆ ఆటని ఆయన ఎన్ని కొట్లలో పట్టుకుని, ఎంతమందిని నలుగురిలో నిలబెట్టి కడిగేశాడో! అదే ఆట తను ఆడాడు. టకటకా తొక్కాడు. లోపల బ్రేకు ఆయిల్‌ని చక్రాలకి నెట్టే మాస్టర్ సిలిండర్ అరిగిపోయినా, టకటకా తొక్కితే కాసేపు గట్టిగానే ఉంటుంది. నొక్కి పట్టుకుని ఆగితేనే దాని బండారం బయటపడుతుంది. ఆయన ఆగలేదు. ముద్ర మాత్రం వేసేశాడు, పెళ్ళాం మొహం మీద.

సిగ్గుతో చెవులు కాలిపోయాయి. మొదటి గేరులో, హ్యాండ్‌బ్రేకు పట్టుకుని, నత్తలా ఇంటికి తిరిగొచ్చాడు.

అప్పుడే చెప్పేస్తే పోయేది. చెబుదామనే గుమ్మం ఎక్కాడు.

"ఏరా, వెనక్కొచ్చావు?" అంది తల్లి.

"ఏం లేదు. పాత బండి కదా, మాస్టర్ సిలిండర్ మార్చేస్తే మంచిదనిపించింది. ముందుజాగ్రత్త."

నోట్లోంచి అదొచ్చింది. ముందుజాగ్రత్త! కుండీలన్నీ పగిలాక!

భోజనాల దగ్గర చెబుదామనుకున్నాడు. చెయ్యి కడుక్కుని వస్తుంటే వంటింట్లోంచి భార్య గొంతు వినపడింది. ఆవిడ ఏదో తరుగుతూ, తలెత్తకుండా, అత్తగారితో అంటోంది.

"ఏమో అత్తయ్యా, ఆయన చూశారు కదా, బాగానే ఉందన్నారు కదా. నేనే తొక్కలేదేమో. కంగారులో ఏది తొక్కానో ఏమో. పిన్నిగారికి ఏదన్నా అయ్యుంటే నేను బతికేదాన్నా? నా కాలు మీద నాకే నమ్మకం పోయింది. ఇంక ఆ తాళం నా చేతికివ్వకండి."

ఆయన గుమ్మం ఇవతలే ఆగిపోయాడు. ఆవిడ కోపంగా ఉందనుకున్నాడు నిన్నటినుంచీ. కోపమైతే ఫరవాలేదు, కోపానికి మందుంది. ఇది వేరు. తన కాలు తొక్కిందని తనకి తెలిసిన మనిషి, ఆయన మాట మీద గౌరవంతో, తొక్కలేదేమో అనుకోవడం మొదలుపెట్టింది. ఒక్క అడుగు లోపలికి వేసి 'నీ కాలు మంచిదే' అంటే చాలు. ఆ అడుగు పడలేదు. తేలు కుట్టిన దొంగలా వెనక్కి తిరిగి, కడిగిన చెయ్యే మళ్ళీ కడుక్కున్నాడు.

ఆ రోజునుంచీ ఇంట్లో ఎవరు 'ఆగు' అన్నా, వీధిలో ఎవరు హారన్ కొట్టినా ఆయన భుజాలు తడుముకోవడమే పని. భార్య వంట మెచ్చుకోవడానికి మొహం చెల్లేది కాదు. మెచ్చుకోకపోతే అదొక పాపంలా ఉండేది.

కొత్త సిలిండర్ తెచ్చాడు. మెకానిక్ దగ్గరికి బండిని తీసుకెళ్ళలేదు. తీసుకెళ్తే ఏమవుతుందో ఆయనకి తెలుసు. ఆ మెకానిక్ నోట్లో నువ్వుగింజ నానదు. బానెట్ ఎత్తగానే 'అయ్యో, ఇదెప్పుడో పోయింది సార్, అమ్మగారు అదృష్టవంతులు' అని వీధి చివరిదాకా వినపడేలా అంటాడు. అందుకని ఆదివారం పొద్దున్నే చొక్కా విప్పి, పాత బనీను వేసుకుని, ఫోనులో వీడియో పెట్టుకుని తనే మొదలుపెట్టాడు. వీడియోలో ఆ మనిషి మొదట ఏదో బల్ల దగ్గర నిలబడి చాలాసేపు చెబుతున్నాడు. సోదిలా ఉందని ఇన్‌స్పెక్టరు దాన్ని ముందుకి జరిపేశాడు.

పాతది విప్పి కొత్తది బిగించడం బాగానే అయింది. డబ్బాలో బ్రేక్ ఆయిల్ నింపాడు. ఇక గొట్టాల్లో చేరిన గాలి తియ్యాలి. అది ఇద్దరు చేసే పని. ఒకరు లోపల కూర్చుని బ్రేకు నొక్కి పట్టుకోవాలి. రెండోవాళ్ళు చక్రం దగ్గర గాలి వదలడానికున్న చిన్న నిప్పిల్ వదులు చేస్తే, గాలీ ఆయిలూ కలిసి బయటికొస్తాయి. నిప్పిల్ మళ్ళీ బిగించేదాకా బ్రేకు మీంచి కాలు తియ్యకూడదు. తీస్తే బయటికి పోయిన గాలి మళ్ళీ లోపలికి దూరుతుంది.

ఇంట్లో ఉన్నది ముగ్గురు. తనకి రెండు చేతులూ పని ఉంది. తల్లికి మోకాళ్ళ నొప్పులు. మిగిలింది ఎవరో ఆలోచించడానికి ఆయనకి బోలెడంత సేపు పట్టింది. ఈలోగా తల్లి చేతికర్ర తెచ్చి, బ్రేకుకీ సీటుకీ మధ్య ఊతం పెట్టి చూశాడు. కర్ర జారి స్టీరింగ్‌కి తగిలింది. హారన్ మోగింది. వరండాలో కుర్చీలో కూర్చున్న పెద్దావిడ ఉలిక్కిపడింది.

"నా కర్ర నాకిచ్చెయ్. కాలున్న మనిషి ఇంట్లో ఉండగా కర్రెందుకురా?"

"నువ్వే పిలువమ్మా."

"అమ్మాయ్! నీ మొగుడికి కాలు కావాలిట!"

భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చింది. బండి తలుపు తీసుకుని సీట్లో కూర్చుంది. ఆ రోజు తరవాత ఆవిడ అక్కడ కూర్చోవడం అదే మొదటిసారి. కాళ్ళ దగ్గరికి చూసి, నెమ్మదిగా అంది:

"ఏ పెడలో చెప్పమనండత్తయ్యా. నాకు తేడా తెలీదు కదా."

చక్రం పక్కన నేల మీద పడుకుని ఉన్న ఇన్‌స్పెక్టరు కళ్ళు మూసుకున్నాడు. "మధ్యదని చెప్పమ్మా," అన్నాడు.

"మధ్యదిట."

అలా మొదలైంది.

"నొక్కి పట్టుకోమని చెప్పమ్మా."

"నొక్కి పట్టుకోమంటున్నాడు."

"పట్టుకున్నానని చెప్పండి."

"పట్టుకుందిటరా."

పానాతో నిప్పిల్ వదులు చేశాడు. పారదర్శకంగా ఉన్న సన్నటి గొట్టంలోంచి బుడగలు బుడగలుగా ఆయిల్ సీసాలోకి దిగింది. ఆయన పానా తిప్పడానికి ఇంకా ఊపిరి తీసుకుంటున్నాడు. ఈలోపే వరండాలోంచి, "ఇంక వదిలెయ్యమంటున్నాడమ్మాయ్!" అని వినపడింది. గొట్టంలో దిగిన ఆయిల్ సర్రున వెనక్కి ఎక్కిపోయింది, గాలితో సహా.

"అమ్మా! నేను బిగించానని చెప్పకుండానే వదలమన్నావేంటి?"

"ఎలాగూ తరవాత అదే అంటావు కదా అని ముందే చెప్పేశాను."

"నేను అన్నదే చెప్పాలి. అన్నప్పుడే చెప్పాలి."

"అలాగే. పోస్టాఫీసులో కూడా ఇంత కట్టుదిట్టం ఉండదు," అని పెద్దావిడ కుర్చీ సర్దుకుంది. "ఇదంతా ఎందుకు, మీ ఇద్దరి మధ్యా జానెడు రేకుంది. దానికి అటూ ఇటూ కూర్చుని నన్నరిపిస్తారేం?"

జవాబుగా పానా నిప్పిల్‌కి తగిలిన చప్పుడొచ్చింది.

వెనక చక్రాలయ్యాయి, ముందు చక్రాలయ్యాయి. డబ్బాలో ఆయిల్ తగ్గినప్పుడల్లా ఆయన లేచి నింపాడు. లేచినప్పుడల్లా అద్దంలోంచి భార్య కనిపించేది. ఎదురుగా చూస్తూ, రెండు చేతులూ స్టీరింగ్ మీద బుద్ధిగా పెట్టుకుని, పరీక్ష రాస్తున్న పిల్లలా. ఆయన గబుక్కున వంగిపోయేవాడు.

మధ్యలో గేటు దగ్గర చెప్పుల చప్పుడైంది. ఆయన పడుకున్న చోటునుంచి కుండీల పిన్నిగారి పాదాలూ, నీళ్ళ డబ్బా అడుగూ మాత్రమే కనిపించాయి.

"ఏం బాబూ, ముసలాడికి ఏమిటి రోగం?"

"ఏం లేదు పిన్నిగారూ. ముందుజాగ్రత్త."

పైన, బండిలో, సీటు కిర్రుమంది. ఆవిడ ఇటు తిరిగిందో అటు తిరిగిందో తెలియలేదు. అబద్ధం రెండోసారి చెబితే అలవాటైపోతుందంటారు. ఆయనకి మాత్రం మొదటిసారికంటే చేదుగా ఉంది.

"ఇప్పుడెలా ఉందో అడుగమ్మా," అన్నాడు అంతా బిగించాక.

"ఎలా ఉందమ్మాయ్?"

"మెత్తగా ఉందని చెప్పండి. నానిన గుడ్డ తొక్కినట్టుంది." మళ్ళీ నొక్కి చూసింది. "నొక్కుతుంటే నేలదాకా వెళ్ళిపోతోందని చెప్పండి."

ఇన్‌స్పెక్టరు పానా పట్టుకుని అలాగే పడుకున్నాడు. మళ్ళీ ఆవిడ గొంతు వినపడింది. ఈసారి 'చెప్పండి' లేదు.

"అత్తయ్యా, ఆ రోజు కూడా ఇలాగే దిగింది. అచ్చు ఇలాగే. నా కాలికి గుర్తుంది." ఇంకా చిన్నగా, "నేను తొక్కాను అత్తయ్యా," అంది.

పెద్దావిడ ఆ మాట మోసుకురాలేదు. మోయాల్సిన పనీ లేదు. జానెడు రేకే కదా.

ఆయన లేచాడు. వీపంతా మట్టి. మెడ మీద ఆయిల్ కారి మండుతోంది. వరండా మెట్టు మీద కూర్చుని ఫోను తీసి, వీడియో ఈసారి మొదటినుంచి పెట్టాడు. తను సోది అనుకుని జరిపేసిన చోటే అసలు సంగతంతా ఉంది. కొత్త సిలిండర్ని బండికి బిగించకముందే, బల్ల మీద పెట్టి, దాని కడుపులో ఉన్న గాలి తియ్యాలిట. అది తియ్యకుండా చక్రాల దగ్గర ఎంతసేపు కుస్తీ పట్టినా లాభం లేదుట. బిగించేసినవాళ్ళు ఇప్పటికైనా ఆ గాలిని సిలిండర్‌కి ఆనుకున్న గొట్టం నట్టు దగ్గర తియ్యొచ్చుట. ఇక్కడా తను ఆగి వినలేదన్నమాట.

తల్లి ఆయన్నే చూస్తోంది. ఆయన గొంతు తగ్గించి, నేల చూస్తూ అన్నాడు.

"అమ్మా. ఆ రోజు లోపం బండిదేనని చెప్పు."

"ఎవరికి?"

"తనకి."

పెద్దావిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

"నొక్కమను, వదలమను లాంటివి ఎన్నైనా మోస్తానురా. ఇది నేను మోసే మాట కాదు. నువ్వే మోసుకెళ్ళు." లేచి కర్ర అందుకుంటూ, "అయినా లోపం బండిదంటావేం? ఆ రోజు నలుగురిలో నోరు తెరిచింది బండా?" అంది.

తల కొట్టేసినట్టయింది. కానీ ఆ మాటతో పాటు ఆయన లేచి నిలబడ్డాడు కూడా.

బానెట్ ఎత్తే ఉంది. దాని వెనక నిలబడితే ఆయనకి ఆవిడ కనపడదు, ఆవిడకి ఆయన కనపడడు. సిలిండర్ కింద పాత గుడ్డ పరిచి, నట్టుకి పానా తగిలించాడు.

"నొక్కి పట్టుకో," అన్నాడు.

బండిలోంచి జవాబు, అత్తగారి ప్రమేయం లేకుండా, తిన్నగా:

"పట్టుకున్నాను."

నట్టు కొద్దిగా వదులు చేశాడు. బుస్సుమంది. నురగ నురగగా ఆయిల్ గుడ్డలోకి కారింది. లోపల ఇంత గాలి పెట్టుకుని తను చక్రాలన్నిటి చుట్టూ తిరిగాడు.

"దిగుతోంది!" అందావిడ. గొంతులో ఆ రోజు భయమే.

"దిగాలి. భయపడకు. నేను చెప్పేదాకా వదలకు. బిగిస్తున్నా, బిగిస్తున్నా. ఆ, ఇప్పుడు వదులు."

"వదిలాను."

"మళ్ళీ."

"పట్టుకున్నాను."

నొక్కు, పట్టుకో, వదులు. ఈసారి మధ్యలో ఎవరూ లేకపోయేసరికి మాటకీ చేతికీ ఎడం లేకుండా పోయింది. బుడగలు తగ్గాయి. నురగ పోయి తేటగా ఆయిల్ వచ్చింది. అప్పుడు ఆవిడే అంది, ఆశ్చర్యంగా:

"గట్టిపడిందండీ."

'అండీ' వినపడి ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. ఆయిల్ చేత్తో తుడుచుకోకూడదని గుర్తొచ్చి ఊరుకున్నాడు.

"అయితే ఒక పని చెయ్యి. టకటకా కొట్టకు. మెల్లగా నొక్కి, అలాగే పట్టుకుని ఉండు. నేను చెప్పేదాకా."

ఆయన ముల్లు కేసి చూసినట్టు ఏమీ లేనిచోటికి చూస్తూ నిలబడ్డాడు. గోడ మీద పిల్లి ఒకటి నడిచి వెళ్ళింది. ఎదురింట్లో నీళ్ళ చప్పుడు ఆగింది.

"దిగిందా?"

"లేదు."

"ఇంకాసేపు చూద్దాం. ఇప్పుడు?"

"లేదు. నిలబడే ఉంది."

ఆ రోజు చెయ్యాల్సింది ఇంతే. ఇంతసేపు ఆగి ఉంటే చాలు. ఆయన పానా కింద పెట్టి, బానెట్ దించాడు. అది మూసుకోగానే ఇద్దరి మొహాలూ ఎదురుపడ్డాయి. మధ్యలో అద్దం ఒక్కటే. ఆయన తెరిచి ఉన్న కిటికీ దగ్గరికి వచ్చాడు.

"ఆ మర్నాడే నాకు తెలిసింది," అన్నాడు. "సిగ్నలు దగ్గర నా కాలికింద కూడా దిగిపోయింది."

"మర్నాడా?"

"మర్నాడే."

ఆవిడ కొంచెంసేపు స్టీరింగ్ కేసి చూసింది. "మరి నేను వంటింట్లో అత్తయ్యతో అన్నది… నా కాలేదో పొరపాటు చేసిందేమోనని…"

"విన్నాను."

"విని?"

ఆయన త్రాసులో పెట్టడానికి ఏమీ దొరకని కొట్టువాడిలా రెండు చేతులూ ఖాళీగా చూపించాడు. ఎంతో మంది కొట్టువాళ్ళు తన ముందు అలా నిలబడ్డారు. వాళ్ళకి ఎలా ఉండేదో ఇప్పుడు తెలిసింది.

"తప్పయింది," అన్నాడు, తనకే సరిగ్గా వినపడనంత మెల్లగా.

ఆవిడ మొహంలో ఏదో కదిలింది. నవ్వు కాదు, నవ్వుకి దూరపు చుట్టం. ఆయన వైపు చూడకుండా, వరండా వైపు తిరిగి, అణకువగా అంది:

"అత్తయ్యా, ఆ మాట అన్నప్పుడు వీధంతా వినేలా అన్నారు, ఇప్పుడు కిటికీలో తలపెట్టి గొణుగుతున్నారు. పిన్నిగారికి వినపడలేదుట, చెప్పండి."

ఈ మాట మోయడానికి పెద్దావిడకి అభ్యంతరం ఏమీ కనపడలేదు.

"ఒరేయ్! పిన్నిగారికి వినపడలేదుటరా!"

కుండీల పిన్నిగారు ఎదురుగా తన గేటు దగ్గరే ఉంది. ఆవిడ డబ్బాలో నీళ్ళు ఎప్పుడో అయిపోయాయి. అయినా మొక్కకి పోస్తూనే ఉంది. పక్కింటి కిటికీ ఒకటి తెరుచుకుంది. ఇన్‌స్పెక్టరు మట్టి బనీనుతో, ఆయిల్ చేతులతో వెళ్ళి తమ గేటు పట్టుకుని నిలబడ్డాడు. వెనక బండిలో భార్య కాలు ఇంకా బ్రేకు మీదే ఉంది. ఆయన వదలమని చెప్పలేదు, ఆవిడ వదల్లేదు.

"పిన్నిగారూ," అన్నాడు. "ఆ రోజు మా ఆవిడ బ్రేకు తొక్కింది. బండిలోనే బ్రేకు లేదు. మీ మీదికి రాకుండా కుండీల మీదికి తిప్పింది కూడా తనే. నేను సరిగ్గా చూడకుండానే తొక్కలేదన్నాను. చూశాక కూడా నోరు మూసుకుని కూర్చున్నాను."

"కాస్త గట్టిగా బాబూ," అంది పిన్నిగారు చెవి ఒగ్గి. "ఆ చివరిది వినపడలేదు."

ఆయన గేటు కడ్డీ గట్టిగా పట్టుకుని, వీధి చివరిదాకా వెళ్ళేలా చెప్పాడు.

"నాదే తప్పండీ!"